మైనస్ ఉండగా మళ్ళీ 'వెనక్కి' ఎందుకు?

సందేహం: మా తొమ్మిదో తరగతి పిల్లలు ద్రవ్యవేగ నిత్యత్వం లెక్కల్లో "తుపాకీ −2 మీ/సె వేగంతో వెనక్కి కదులుతుంది" అని జవాబు రాస్తున్నారు. ఈ వాక్యం ఒప్పేనా? అలాగే 'ఢీకొనకముందు', 'ఢీకొనే ముందు' – వీటిలో ఏది రాయమనాలి?

సమాధానం: మీ అనుమానం సబబే. లెక్క సరిగ్గానే ఉంది, వాక్యమే దారి తప్పింది. 4 కిలోల తుపాకీ నుంచి 20 గ్రాముల తూటా 400 మీ/సె వేగంతో దూసుకుపోయిందనుకుందాం; తూటా పోయే దిశ ప్లస్. పేల్చకముందు రెండూ కదలకుండా ఉన్నాయి కాబట్టి మొత్తం ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) సున్నా. బయటి బలం లేనంతవరకూ ఆ మొత్తం మారదు, నిత్యత్వం అంటే అదే. పేల్చాక తూటాది 0.02 × 400, అంటే 8 కి.గ్రా.మీ/సె. మొత్తం సున్నాగానే ఉండాలంటే తుపాకీది −8 కావాలి. 4తో భాగిస్తే −2. ఆ మైనస్ వచ్చిందే 'వెనక్కి' అని చెప్పడానికి. పక్కన మళ్ళీ 'వెనక్కి' చేరిస్తే "రాకుండా ఉండలేదు" అన్నట్టవుతుంది. ఉన్నదున్నట్టు చదివితే తుపాకీ కూడా తూటా వెంటే ముందుకు పోవాలి!

"తుపాకీ వేగం −2 మీ/సె" అంటే చాలు. మాటల్లోనే చెప్పాలనుకుంటే "తుపాకీ సెకనుకు 2 మీటర్ల వడితో వెనక్కి తన్నుతుంది" అనండి. మామూలుగా వడివడిగా నడిచినా వేగంగా నడిచినా ఒకటే. పాఠ్యపుస్తకాల్లో మాత్రం వేగానికి దిశ ఉంది, వడి పాపం దిక్కులేనిది. వడికి మైనస్ రాదు కనక దిశను మాటతో చెప్పక తప్పదు. పిల్లలకు మార్కు కొయ్యకండి. ఆ 'వెనక్కి' కింద ఒక గీత గీయండి.

ఏ దిశ ప్లస్సో లెక్క మొదట్లోనే రాయించండి. అది లేకపోతే −2 ఎటు పోతుందో ఎవరికి తెలుసు? రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొనే లెక్కల్లోనైతే 'వెనక్కి' అన్న మాటే చిక్కు. ఏ బండి వెనక్కి? అక్కడ కుడి, ఎడమ అనడమే నయం.

రెండో సందేహం నాకు మరీ నచ్చింది. "ఆయన రాకముందు" అంటే గంట కిందటైనా కావచ్చు, నిన్నైనా కావచ్చు. "వచ్చేముందు ఫోన్ చేశారు" అంటే ఇక బయల్దేరబోతూనో, దారిలోనో చేశారని. రెండూ మంచి తెలుగే. కానీ నేల మీద దొర్లుతున్న బంతి రాపిడి వల్ల వేగం కోల్పోతూ ఉంటుంది. మన లెక్కకు కావలసింది రెండో బంతిని తాకబోయే క్షణంలో దాని వేగం. అందుకని 'ఢీకొనే ముందు' అనడం మేలు, 'ఢీకొనబోయే క్షణంలో' అంటే ఇంకా మేలు. ప్రశ్నలో 'నునుపైన తలం, రాపిడి లేదు' అని ఇచ్చి ఉంటే ఢీకొనేదాకా వేగం మారదు; అప్పుడు పిల్లలు ఏది రాసినా ఒప్పే.