పోకెమాన్ స్వోర్డ్ వీడియోగేమ్ చివర్లో వచ్చే టోర్నమెంటు ఛాంపియన్ కప్‌లో, నీటి టైపు పోకెమాన్ ఇంటెలియాన్‌ను నమ్ముకుని రైహాన్ చేతిలో ఓడిపోతున్నాను. లెవెల్ పెంచుకుంటే సరిపోతుందా?

సరిపోతుంది. మీరు నమ్ముకున్న ఆ ఇంటెలియాన్‌ను ఇంకో పదిహేను లెవెళ్లు పెంచండి, రైహాన్ ఏమిటి, ఆ తర్వాత వచ్చే ఛాంపియన్ లియోన్ కూడా కూలిపోతాడు. అలా గెలిచిన కప్పుతో ఏం చేసుకుంటారన్నది మాత్రం నన్ను అడగకండి. మా అక్క కూతురు సరిగ్గా అలాగే గెలిచింది. లియోన్ జట్టులో అందరికన్నా పెద్దది 65వ లెవెల్ ఛారిజార్డ్. ఈమె సిండరేస్ 80కి దగ్గరలో ఉంది. ఆయన ఒకదాన్ని దించడం, ఈమె తన్నడం, అది పడిపోవడం. తెర మీద స్టేడియం హోరెత్తిపోతుంటే "ఇంతేనా మామయ్యా?" అని కన్సోల్ నా ఒళ్లో పెట్టి జామకాయ కోసుకోవడానికి వెళ్లిపోయింది.

పిల్లను అని లాభం లేదు. 2019లో వచ్చిన ఈ ఆట తీరే అది. పోరాడినా పోరాడకపోయినా జట్టులో ఉన్న ఆరింటికీ అనుభవం పంచిపెడుతుంది, వద్దని ఆపే వీలు లేదు. దానికి తోడు మనకు ప్రత్యర్థిగా వచ్చే లియోన్ తమ్ముడు హాప్! 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటలో ప్రత్యర్థి ఎలాంటివాడో గుర్తుందా? మనం నిప్పు తీసుకుంటే వాడు నీరు తీసుకునేవాడు, మనం నీరు తీసుకుంటే గడ్డి. ఆట పొడవునా మనల్ని ఎకసెక్కాలాడి, చివరికి మనకంటే ముందే ఛాంపియన్ అయి కూర్చునేవాడు. హాప్ ఏరికోరి మన పోకెమాన్‌కు లొంగిపోయేదాన్నే పెంచుకుంటాడు. పైగా దారిలో ఎదురైనప్పుడల్లా మన జట్టుకు వైద్యం కూడా చేయిస్తాడు. ప్రత్యర్థి అంటే ఇదా?

అయినా రాసినవాళ్లకు ప్రత్యర్థిని మలచడం చేతకాక కాదు. "నువ్వు మీ అన్న పరువు తీస్తున్నావు" అన్న అర్థంలో బీడ్ అనే మరో పోటీదారు ఒక మాట అంటే హాప్ కుంగిపోతాడు, కలిసినప్పుడల్లా జట్టు మారుస్తూ చిన్నప్పటి నుంచి వెంట ఉన్న గొర్రెను కూడా పక్కన పెట్టేస్తాడు. ఛాంపియన్ కప్ సెమీఫైనల్స్‌లో ఆ గొర్రె డబ్‌వూల్‌గా తిరిగి వచ్చినప్పుడు నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. ఇంత చక్కగా రాసి, ఆ పోరును మాత్రం నాలుగు నొక్కులతో ముగిసేలా వదిలేశారు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాటిల్ స్టైల్‌ను "స్విచ్" నుంచి "సెట్"కు మార్చండి. స్విచ్‌లో అవతలి పోకెమాన్ పడగానే, తర్వాత ఫలానాది వస్తోంది, మీరూ మార్చుకుంటారా అని ఆటే అడుగుతుంది. ఏ టోర్నమెంటులోనైనా ఎదుటి జట్టు తన ఎత్తు ముందే చెప్పి, మనం సర్దుకునేదాకా ఆగుతుందా? స్విచ్ పెట్టుకుని లియోన్‌ను ఓడించానని చెప్పేవాళ్లను నేను గెలిచినవాళ్ల లెక్కలో వేయను. మీకు కోపం వచ్చినా సరే.

మేనకోడలి "ఇంతేనా" విన్నాక ఆట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. సెట్, పోరు మధ్యలో సంచిలోని మందులు ముట్టను, ఎవరైనా మరీ ముదిరితే బాక్సులోకి పంపేస్తాను. మొదటి పోకెమాన్ గ్రూకీ, ఆ గడ్డి టైపు కోతిపిల్ల. అంటే లియోన్ చేతికి దాన్ని కాల్చేసే సిండరేస్ వెళుతుంది. తమ్ముడు చేయని పని అన్న చేస్తాడన్నమాట.

నా జట్టులో ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. మాది కొత్తగూడెం, నాన్న సింగరేణిలో పనిచేశారు. ఆటలోని గాలార్ గనిలో రోలీకోలీ అనే బొగ్గుముద్ద ఒంటి చక్రం మీద దొర్లుకుంటూ ఎదురైతే నేను వదులుతానా? సుమారు 400 ఏళ్ల కిందట బొగ్గు గనుల్లోనే ఇది మొదట కనబడిందని ఆటలో పోకెమాన్‌ల వివరాలు చెప్పే పోకెడెక్స్ అంటుంది. 18వ లెవెల్లో బొగ్గు నింపిన టబ్బు రూపం దాలుస్తుంది, 34లో రాయి, నిప్పు టైపుల కోలోసల్ అవుతుంది. ఆన్‌లైన్‌లో అందరూ దాన్ని తీసిపారేస్తారు, నాలుగు రెట్లు నీటికి, నాలుగు రెట్లు నేలకు లొంగుతుందని. లొంగుతుంది, నిజమే. లియోన్ ఛారిజార్డ్ దగ్గర ఆ రెండూ లేవు.

లియోన్ ముందుగా ఏజిస్లాష్‌ను దించాడు. అది డాలు పట్టుకుని ఉన్నప్పుడు కొడితే గోడకు తల బాదుకున్నట్టే. అది దాడి చేసిన క్షణం నుంచి మళ్లీ కింగ్స్ షీల్డ్‌తో డాలు ఎత్తేదాకా కత్తి రూపంలో ఉంటుంది, అప్పుడు దాని ఒంట్లో రక్షణ ఏమీ ఉండదు. అందుకే అక్కడ వేగం తక్కువ ఉన్నవాడు మేలు: అది ముందు కొడుతుంది, కత్తి దూసి ఉండగానే మన దెబ్బ పడుతుంది. తర్వాతి పోకెమాన్‌ల దగ్గర నా జట్టు సగానికి పైగా ఖాళీ అయింది, పోరుకు ఒక్కసారే పోకెమాన్‌ను భారీగా పెంచే డైనమాక్స్ కూడా హాక్సోరస్ మీద ఖర్చయిపోయింది.

చివరికి అతనికి ఛారిజార్డ్ ఒక్కటే, నాకు రిలాబూమ్ (ఎదిగిన గ్రూకీ), కోలోసల్. ఛారిజార్డ్ జైగాంటామాక్స్ అయి తెర నిండా లేచింది. మొదటి వంతులోనే వైల్డ్‌ఫైర్ వదిలి రిలాబూమ్‌ను బూడిద చేసింది. ఆ మంట నాలుగు వంతుల పాటు ఉండి, నిప్పు టైపు కాని ప్రతివారినీ కాలుస్తుంది. కోలోసల్ నిప్పు టైపు కూడా కనుక హాయిగా వచ్చి నిలబడింది. మేనకోడలు ఈలోగా జామకాయతో తిరిగి వచ్చి నా భుజం మీద వాలింది. "నీ బొగ్గు బండి పని అయిపోయింది మామయ్యా."

ఛారిజార్డ్ రాళ్లు కురిపించే మాక్స్ రాక్‌ఫాల్ వేసింది. కోలోసల్ ప్రాణశక్తి గీత ఆకుపచ్చ నుంచి పసుపుకు జారి, ఎరుపు అంచున ఆగింది. రాక్‌ఫాల్ పడితే ఇసుక తుఫాను లేస్తుంది, లేచింది. ఇప్పుడు నా వంతు. నా రాయి దెబ్బ స్టోన్ ఎడ్జ్ నూటికి ఎనభై సార్లే తగులుతుంది. ఆ ఇరవై ఎప్పుడు మన నెత్తిన పడుతుందో ఆడినవారికి తెలుసు. తగిలింది. నిప్పు, ఎగిరే టైపు రెండూ కలిసినదానికి రాయి దెబ్బ నాలుగు రెట్లు కదా, గీత జర్రున తగ్గుతూ తగ్గుతూ... వెంట్రుకవాసి మిగిలి ఆగిపోయింది. మేనకోడలు నమలడం మానేసింది. వంతు ముగిసింది, ఇసుక తుఫాను చుట్టూ తిరిగింది. రాయి టైపును అది ముట్టదు, ఛారిజార్డ్‌ను ముడుతుంది. తాను లేపిన ఇసుకతోనే లియోన్ ఛారిజార్డ్ పడిపోయింది. మేనకోడలు వేసిన కేకకు వంటింట్లోంచి అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. తను గెలిచినప్పుడు ఆ పిల్ల నోట చప్పుడే రాలేదు!

2022 నాటి పోకెమాన్ ఆటలు స్కార్లెట్, వయొలెట్‌లలో ఆ సెట్ ఆప్షన్‌ను కూడా తీసిపారేశారు. ఎవరికి అడ్డం వచ్చిందో మరి. ప్రతిసారీ ఆట అడిగినప్పుడు మనమే "వద్దు" నొక్కుకుంటూ కూర్చోవాలి.

ఇక మీ రైహాన్ సంగతి. కప్‌కు ముందు తన జిమ్ స్టేడియంలో ఇద్దరిద్దరితో ఆడించి ఇసుక తుఫాను లేపినవాడు కప్‌కు వచ్చేసరికి పంథా మార్చి టోర్కోల్‌తో ఎండ తెస్తాడు. ఎండలో నీటి దెబ్బ సగానికి పడిపోతుంది, నిప్పు దెబ్బ ఒకటిన్నర రెట్లు అవుతుంది. టోర్కోల్ నిప్పు టైపే కదా అని మీరు ఇంటెలియాన్‌ను ముందు దించుతున్నారు, అవునా? ఆ ఎండ అయిదు వంతులే ఉంటుంది. ముందు రాయి దెబ్బ కొట్టగలిగినవారిని పంపి టోర్కోల్‌ను పడగొట్టండి, ఎండ తగ్గాక ఇంటెలియాన్‌ను తీయండి. లెవెల్ ఒక్కటి కూడా పెంచనక్కరలేదు.