హార్మోన్ గ్రాహకం దారిన క్యాన్సర్ కణంలోకి మందు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని ఏడాదిన్నర క్రితం తేలింది. మూడు నెలలకోసారి కాకినాడ తీసుకువెళ్లి పొట్ట మీద గోసరెలిన్ ఇంజెక్షన్ వేయిస్తున్నాం. మొదట బాగా తగ్గిన పీఎస్‌ఏ (ఈ క్యాన్సర్ తీరును తెలిపే రక్తపరీక్ష అంకె) ఇప్పుడు మళ్లీ పెరుగుతోంది. హార్మోన్ గ్రాహకాలను (కణాలపై హార్మోన్లు వచ్చి అతుక్కునే చోట్లను) గురిచూసి క్యాన్సర్ కణాలను చంపే మందు ఉందని చదివాను. మేము వేయిస్తున్నది అదేనా? కాకపోతే దీన్ని మానేసి దానికోసం ప్రయత్నించమంటారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీరు చదివినదీ, మీ నాన్నగారికి వేస్తున్నదీ ఒకటి కాదు. అయితే రెండూ పనిచేసేది ఒకే గ్రాహకం మీద కాబట్టి మీకు ఆ సందేహం రావడం సహజమే. ముందుగా ఒక్క మాట: ఇప్పటి ఇంజెక్షన్‌ను దయచేసి మానవద్దు.

వడ్లగింజ కన్నా కాస్త పొడవుగా, తెల్లని సన్నటి పుల్లలా ఉండే గోసరెలిన్‌ను సూదితో చర్మం కింద పెడతారు. అది పన్నెండు వారాలపాటు కొద్దికొద్దిగా కరుగుతూ, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోని ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ (వృషణాలను పనిచేయించేందుకు మెదడు ఈ గ్రంథికి పంపే హార్మోన్) గ్రాహకాలను పట్టుకుని వదలదు. ఎడతెగని ఆ ఒత్తిడికి గ్రంథి మొద్దుబారి, వృషణాలకు ఆదేశాలు పంపడం మానేస్తుంది, పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ పడిపోతుంది. ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తే శివారు చేలకు నీరందనట్టే, ఆ హార్మోన్ మీద బతికే క్యాన్సర్ కణాలు ఎండిపోతాయి. టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తే ఈ క్యాన్సర్ లొంగుతుందని 1941లో చూపినందుకే చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ కాలువ కట్టేశాక బోరు వేసుకునే రైతు ఉన్నట్టే, కొన్ని కణాలు ఆ హార్మోన్‌ను తామే తయారుచేసుకోవడమో, టెస్టోస్టిరాన్ గ్రాహకాలను పెంచుకుని మిగిలిన నాలుగు చుక్కలతోనే నెట్టుకురావడమో నేర్చుకుంటాయి. మీ నాన్నగారి పీఎస్‌ఏ పెరగడానికి చాలావరకు ఇదే కారణం అయివుంటుంది.

మీరు చదివిన పద్ధతిలో కణాన్ని ఎండగట్టరు, నేరుగా చంపుతారు. ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ గ్రాహకాలు పిట్యూటరీలోనే కాక, చాలా ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద కూడా ఉంటాయి. ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ హార్మోన్ నిర్మాణాన్ని ఛేదించి 1977లో నోబెల్ పంచుకున్నవారిలో ఒకరైన ఆండ్రూ షాలీ, దాన్ని పోలిన అణువుకు డాక్సోరూబిసిన్ అనే కీమోథెరపీ మందును తగిలించారు. గ్రాహకం తన హార్మోనే వచ్చిందనుకుని దాన్ని లోపలికి లాక్కుంటుంది. మందు లోపల విడివడి కణాన్ని చంపుతుంది. (ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన మందులతో క్యాన్సర్ కణాలను ఏమార్చే మార్గానికి బాటవేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మన భీమవరంలో పుట్టినవారేనని ఇక్కడ తలచుకోవాలనిపిస్తోంది.) ఇదే హార్మోన్‌కు, కణపు పొరను చిల్లులుచేసే చిన్న పెప్టైడ్‌ను (ప్రోటీన్ ముక్కను) జతచేసి ఎలుకలపై ప్రయోగించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. టెస్టోస్టిరాన్‌ను లెక్కచేయని కణంపై కూడా ఈ గ్రాహకం ఉండగలదు కాబట్టే నాకు ఈ ఆలోచన మీద అంత గౌరవం.

అయినా ఇది ఈనాటికి వైద్యశాలల్లో ఇచ్చే చికిత్స కాలేదు. షాలీ మందును ప్రోస్టేట్ రోగుల్లో చిన్న ప్రయోగాల్లోనే పరీక్షించారు; గర్భాశయ క్యాన్సర్‌లో జరిగిన పెద్ద ప్రయోగంలో అది మామూలు డాక్సోరూబిసిన్ కన్నా మెరుగు కాదని 2017లో తేలింది. గ్రాహకాలు అన్ని కణాల మీదా ఒకేలా ఉండకపోవడం ఈ దారిలో ఉన్న పెద్ద చిక్కు.

ఇదే సూత్రం మరో గురి మీద ఫలించింది. పీఎస్‌ఎంఏ హార్మోన్ గ్రాహకం కాదు, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలపై విస్తారంగా ఉండే ప్రోటీన్. దానికి అతుక్కునే అణువుతో లుటీషియం-177 అనే రేడియోధార్మిక పదార్థాన్ని పంపే చికిత్సకు అమెరికాలో 2022లో అనుమతి లభించింది. మన దేశంలోనూ పెద్ద న్యూక్లియర్ మెడిసిన్ కేంద్రాల్లో ఇస్తున్నారు. ఈసారి కాకినాడ వెళ్లినప్పుడు టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించి, అది నిజంగా అణగి ఉందో లేదో చూడమనండి. అణగి ఉండీ పీఎస్‌ఏ పెరుగుతుంటే, ఇంజెక్షన్ కొనసాగిస్తూనే అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్, డోసిటాక్సెల్ అనే మందులలో ఏది చేర్చాలో, పీఎస్‌ఎంఏ స్కాన్ అవసరమో కాదో అడగండి.

ప్రశ్న: మా వారికి ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ వేసిన వారానికి నడుము నొప్పి పెరిగింది. మందు పడలేదా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: పడకపోవడం కాదమ్మా. గోసరెలిన్ కోవకే చెందిన ఈ మందు పిట్యూటరీలోని గ్రాహకాన్ని మొద్దుబార్చే ముందు కొద్దిరోజులు రెచ్చగొడుతుంది. అప్పుడు టెస్టోస్టిరాన్ పెరిగి, ఎముకల్లో గడ్డలున్నవారికి నొప్పి ఎక్కువవుతుంది. దీన్ని అడ్డుకోవడానికే బైకాలుటమైడ్ మాత్రలు ముందుగా మొదలుపెడతారు; మీవారికి అవి రాశారో లేదో చీటీలో చూసుకోండి. కాళ్లలో పట్టు తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతూ ఉండవచ్చు.