అల్లికల శీర్షిక: తమ్ముడి పుట్టినరోజుకు మేజోళ్లు

ప్రశ్న: నెలన్నరలో మా తమ్ముడి పుట్టినరోజు. వాడికి తెలియకుండా ఊలు మేజోళ్లు అల్లి ఇవ్వాలనుంది. స్కార్ఫులు, టోపీలు అల్లడం వచ్చు, మేజోళ్లు ఇదే మొదలు. కొలత ఎలా తీసుకోవాలి? ఊలు ఎంత, కుట్లు ఎన్ని?

జవాబు: ముందు ఊలు సంగతి. అచ్చంగా ఊలే అయితే మడమ దగ్గర త్వరగా అరిగి చిల్లు పడుతుంది. 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ కలిసిన సన్నదారం తీసుకోండి. 100 గ్రాములకు 400 మీటర్లు వచ్చే ఉండ ఒకటి మామూలు పాదానికి జతంతా సరిపోతుంది. పాదం బాగా పెద్దదైతే అదే డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు) ఉన్నది మరో 50 గ్రాములు దగ్గర పెట్టుకోండి. లేబుల్ మీద ‘సూపర్‌వాష్’ అని ఉండాలి. లేకపోతే వేడినీళ్లలో ఒక్కసారి గిరగిరా తిరిగినా ముద్దకట్టి కుంచించుకుపోతుంది. సూదులు 2.25 లేదా 2.5 మిల్లీమీటర్లవి, రెండువైపులా మొనలున్న ఐదింటి సెట్.

పొడవు తెలుసుకోవడం తేలికే. స్నానం చేసి వచ్చినప్పుడు నేల మీద పడే తడి అడుగును మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొలవండి. చుట్టుకొలత మాత్రం చాటుగా దొరకదు. ఇంట్లో ఇంకెవరి చేతనైనా ఏదో సాకు మీద, వేళ్లకు కాస్త వెనక పాదం బాగా వెడల్పున్న చోట టేపు చుట్టించండి.

ఇప్పుడు చిన్న నమూనా అల్లండి. దాన్ని గుండ్రంగానే అల్లాలి. వరసలు తిప్పుతూ అల్లితే పర్ల్ (దారం ముందుకు పెట్టి అల్లే కుట్టు) వరసల బిగువు వేరుగా ఉండి లెక్క తప్పుతుంది. ఉతికి ఆరబెట్టాక అంగుళానికి 8 కుట్లు వచ్చాయనుకుందాం. చుట్టుకొలత 9 అంగుళాలైతే 72 కుట్లు. అందులో పదోవంతు తీసేసి, నాలుగుతో భాగింపబడేలా 64 ఎక్కించండి. మేజోడు కొంచెం సాగి పాదాన్ని పట్టుకోవాలి. సరికి సరి అల్లితే బూటులో మడతలు పడి పాదాన్ని ఒరుస్తుంది. పొడవు కూడా పాదం కంటే అర అంగుళం తక్కువే ఉంచండి.

పైఅంచుకు రెండు సూదులు కలిపి పట్టుకుని కుట్లు ఎక్కిస్తే వదులుగా వస్తుంది. 2 నిట్ (దారం వెనక ఉంచి అల్లే మామూలు కుట్టు), 2 పర్ల్ చొప్పున ఒకటిన్నర అంగుళం, ఆపైన నిట్ 5 అంగుళాలు. తర్వాత 32 కుట్ల మీద మాత్రమే మడమ పట్టీ 32 వరసలు: నిట్ వరసలో ఒకటి జరిపి (అల్లకుండానే రెండో సూదికి మార్చి) ఒకటి అల్లడం, పర్ల్ వరసలో మొదటి కుట్టు జరిపి మిగతావి పర్ల్. జరిపిన కుట్ల వల్లే మడమ మందంగా వస్తుంది.

మడమ తిప్పడానికి భయం వద్దు. మొదటిది జరిపి 17 నిట్, రెండు కలిపి ఒకటి, ఇంకొక నిట్, వెనక్కి తిప్పండి. మొదటిది జరిపి 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఒక పర్ల్, మళ్లీ తిప్పండి. ఆపైన ప్రతి వరసలో మధ్యవి ఒక్కొక్కటి పెరుగుతాయి, వెనక్కి తిప్పిన చోట ఏర్పడే ఖాళీకి అటూ ఇటూ ఉన్న కుట్లను కలుపుతారు. ఆఖరి రెండు వరసల్లో కలిపాక చివర అల్లడానికి కుట్టు మిగలదు. అది తప్పు కాదు. సూది మీద 18 ఉంటే లెక్క సరిగ్గా వచ్చినట్టే.

పట్టీ అంచుల్లో 16 చొప్పున, మూలకొకటి అదనంగా ఎత్తుకుంటే, అల్లకుండా ఆపిన 32తో కలిపి మొత్తం 84. చుట్టు విడిచి చుట్టు రెండేసి తగ్గిస్తూ మళ్లీ 64కు రండి. పూర్తి పొడవుకు ఇంకా 2 అంగుళాలు ఉండగా వేళ్ల భాగం మొదలు: చుట్టు విడిచి చుట్టు నాలుగేసి తగ్గిస్తూ 32 దాకా, ఆపై ప్రతి చుట్టులోనూ తగ్గిస్తూ 16 దాకా. ఆ పదహారింటినీ కిచెనర్ కుట్టుతో (రెండు సూదుల మీది కుట్లను గట్టు రాకుండా దారపు సూదితో కలిపే పద్ధతి) కలపండి. మామూలుగా దించేస్తే (కుట్లు ముగించి సూది తీసేస్తే) గట్టు ఏర్పడి వేళ్లను గుచ్చుతుంది.

చుట్ల లెక్క కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. రెండోది ఆ కాగితం చూసే అల్లాలి, గుర్తుంటుందిలే అనుకుంటే జత కలవదు.

ప్రశ్న: మడమ పట్టీ, పాదం కలిసే మూలల్లో ప్రతిసారీ రంధ్రం పడుతోంది. ఎందుకు?

జవాబు: అక్కడ దారం రెండు దిక్కులకు లాగబడుతుంది. మూలలో అదనపు కుట్టు ఎత్తేటప్పుడు, సాగి వేలాడే దారాన్ని పట్టుకోకండి, రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. దాని పక్కనున్న గట్టి కుట్టులోంచి ఎత్తి, తర్వాతి చుట్టులో దాని వెనక కాలులోంచి (సూదికి వెనకవైపున్న దారంలోంచి) అల్లి మెలి వేయండి. ఒక సూది నుంచి మరో సూదికి మారే చోట నిలువునా నిచ్చెనలా పడే సందు వేరే సమస్య. కొత్త సూది మీద మొదటి కుట్టు కాదు, రెండో కుట్టు అల్లాక దారం బిగించండి.

ప్రశ్న: అక్క కోసం అల్లిన జత పూర్తయింది. పైఅంచు బిగుతుగా ఉండి మడమ దాటడం లేదు. మొత్తం విప్పాలా?

జవాబు: అక్కర్లేదు. అంచుకు రెండు వరసల కింద ఒక్క కుట్టు కత్తిరించి, ఆ వరసను చుట్టూ మెల్లగా విప్పుతూ తెరుచుకున్న కుట్లను సూదుల మీదికి తీసుకోండి. కొత్త దారం కలిపి, రెండు కుట్లు వెనక కాళ్లలోంచి కలిపి అల్లండి, వచ్చిన కుట్టును ఎడమ సూదికి తిరిగిచ్చి తర్వాతి దానితో మళ్లీ కలపండి. ఈ అంచు బాగా సాగుతుంది. దించేటప్పుడు ఒక సైజు పెద్ద సూది వాడితే ఇంకా మేలు.