నల్లగొండ ఓటు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ నల్లగొండ పార్లమెంటు సీటు గురించే. నేను సివిక్స్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, పైగా ఆ జిల్లావాణ్ణి కాబట్టి ఎడిటర్ గారు కట్టంతా నాకే పంపించారు.

*తొలి ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని మా తాత చెప్తాడు. అది ద్విసభ్య నియోజకవర్గం కాబట్టే అన్ని ఓట్లు పడ్డాయని మా సార్ అంటారు. ఎవరి మాట నిజం?*
*– డిగ్రీ విద్యార్థి, నకిరేకల్*

తాత మాట నిజం. 1952లో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూకు 2,33,571. మీ సార్ చెప్పిన దాంట్లోనూ తప్పు లేదు గానీ, ఆయన సగం దగ్గరే ఆగిపోయారు. నల్లగొండకు అప్పుడు ఇద్దరు ఎంపీలు: ఒకటి జనరల్ సీటు, ఇంకోటి ఎస్సీ రిజర్వుడు. రెండో సీటు సుంకం అచ్చాలు గెలిచారు. ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. మరి నెహ్రూ నిలబడ్డ అలహాబాద్ తూర్పు–జౌన్‌పూర్ పశ్చిమ స్థానం కూడా ద్విసభ్యమే కదా! అక్కడి ఓటరుకూ రెండు ఓట్లే. కాబట్టి పోలిక సరైనదే. ఈ ద్విసభ్య పద్ధతిని 1961లో చట్టం చేసి తీసేశారు.

రెడ్డిగారు కమ్యూనిస్టు అయినా ఆ పార్టీ పేరుతో నిలబడలేదు. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉంది. సాయుధ పోరాటం విరమించి అప్పటికి కొన్ని నెలలే. అందుకే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరుతో పోటీ చేశారు. ఆ రోజుల్లో బ్యాలెట్ మీద ముద్ర వేసేది లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. "రాసేది లేదు, గీసేది లేదు, గుర్తు జూసి పెట్టెల ఏసుడే" అనేవాడు మా నాయన. ఎవరికి వేశావని అడిగితే మాత్రం "వెట్టి బంద్ జేయించినోళ్లకు" అని ఒక్క ముక్కలో తేల్చేవాడు. గడీ ముందు చెప్పులు విడిచి నడిచిన మనిషికి అంతకు మించి మేనిఫెస్టో ఏం కావాలి?

అన్ని ఓట్లు వచ్చినందుకు నెహ్రూ ఆయన్ను పార్లమెంటులోకి తనకంటే ముందు నడిపించారని జిల్లాలో చెప్పుకుంటారు. దాన్ని ముచ్చటగానే ఉంచుకుందాం. పరీక్షలో మాత్రం అంకెలే రాయి.

*1996లో మా పెదనాన్న కూడా ఎంపీగా పోటీ చేశాడట. ఇంట్లో అందరూ నవ్వుకుంటూ చెప్తారు. అన్ని వందల మంది ఎందుకు నిలబడ్డారు? దానివల్ల ఏమైనా ఒరిగిందా?*
*– ఒక పాఠకురాలు, నాంపల్లి మండలం*

నవ్వద్దని మీ ఇంట్లో చెప్పండమ్మా. నల్లగొండలో ఆ ఏడాది పోటీ చేసింది 480 మంది. లోక్‌సభ ఎన్నికల చరిత్రలో ఒక్క సీటుకు ఇంతమంది ఇంకెక్కడా నిలబడలేదు. వాళ్లలో ఎక్కువమంది ఎంపీ కావాలని నిలబడలేదు. నాంపల్లి, మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లు పోయి, నడుములు వంగిపోయిన ఊళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ హాని చేస్తుంది. ఇక్కడ అంతకు ఎన్నో రెట్లున్న బావులు ఉండేవి. పక్కనుంచే కృష్ణ పారుతున్నా, ఎత్తు మీద ఉన్న ఈ ఊళ్లకు చుక్క అందేది కాదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ కావాలని దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఏళ్ల తరబడి తిరిగింది. ధర్నాలు చేసినా, అర్జీలు పెట్టినా ఎవరూ పట్టించుకోకపోయేసరికి నామినేషన్లనే అర్జీలుగా వేశారు.

అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 250. బియ్యం బస్తా అమ్ముకున్నా నామినేషన్ వేయొచ్చు. పేర్లన్నీ ఒక్క కాగితం మీద పట్టక బ్యాలెట్‌ను పుస్తకంలా వేయాల్సి వచ్చింది. మా వీధిలో ఉండే ఒక రైతు కూడా అభ్యర్థే. ఓటు వేసి వచ్చి, "సార్, నా పేరు నాకే దొరకలే, ఎనక మనుషులు లొల్లి జేస్తుంటే ఇంకోనికి గుద్ది అచ్చిన" అన్నాడు. ఆయనకు సొంత ఓటు కూడా పడలేదన్నమాట. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం, గీత కార్మికుల నాయకుడు. అప్పటికే సిట్టింగ్ ఎంపీ.

ఏం ఒరిగిందంటారా? మొదట ఒరిగింది ఎన్నికల చట్టానికి. అదే ఏడాది డిపాజిట్‌ను 10,000 చేశారు, ఇండిపెండెంటుకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. రోగం సంగతి తర్వాత, ముందు మొత్తుకునే నోరు నొక్కారని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉత్తరం రాయండి, వేస్తాం. అయితే దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడిందీ అప్పుడే. తర్వాత నాగార్జునసాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే పథకం వచ్చింది, దాన్నే ఏఎమ్మార్పీ, అంటే ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు అంటున్నాం. పంపులతో పనిలేకుండా నీళ్లు తెచ్చే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం, 43 కిలోమీటర్ల పైచిలుకుది, ఇప్పటికీ తెగలేదు. 2025 ఫిబ్రవరిలో పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయింది అక్కడే.

మీ పెదనాన్న బాట పట్టినవాళ్లు తర్వాతా ఉన్నారు. 2019లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అప్పటికి డిపాజిట్ 25,000 అయినా వాళ్లు ఆగలేదు.

*నల్లగొండ కమ్యూనిస్టుల కోట అంటారు. మరి ఆ కోట ఎందుకు కూలింది?*
*– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు*

కోట అనే మాట సభల్లో బాగుంటుంది, లెక్కలో అంత నిలవదు. 1952, 1957, 1962లో వరుసగా వాళ్లు గెలిచారు. 1957లో గెలిచింది దేవులపల్లి వెంకటేశ్వరరావు. ఆ తర్వాత 1991 దాకా ఎర్రజెండాకు ఈ సీటు దక్కలేదు. మధ్యలో ఎవరెవరు గెలిచారో చూడండి. 1967లో కాంగ్రెస్ నుంచి మహమ్మద్ యూనుస్ సలీం, ఆయన తర్వాత బిహార్ గవర్నర్ అయ్యారు. 1971లో తెలంగాణ ప్రజా సమితి నుంచి కంచర్ల రామకృష్ణారెడ్డి. 1984లో ఎన్టీఆర్ గాలిలో టీడీపీ నుంచి రఘుమారెడ్డి.

1991 నుంచి కథంతా పొత్తులదే. 1991, 1996, 1998లో టీడీపీ తోడుంది, సీపీఐ గెలిచింది. 1999లో టీడీపీ బీజేపీతో వెళ్లింది, సీటు టీడీపీ అభ్యర్థి గుత్తా సుఖేందర్‌రెడ్డికి పోయింది. 2004లో కాంగ్రెస్ తోడు, 1998లో సీపీఐ నుంచి గెలిచిన సురవరం సుధాకర్‌రెడ్డి రెండోసారి గెలిచారు. 2009లో గుత్తా కాంగ్రెస్ టికెట్ మీద వచ్చి సురవరాన్ని ఓడించారు. గుత్తా జెండా మార్చినా సీటు మార్చలేదు, 2014లోనూ ఆయనే. 2019లో కాంగ్రెస్ నుంచే ఉత్తమ్‌కుమార్‌రెడ్డి 25,682 ఓట్ల మెజారిటీతో గట్టెక్కితే, 2024లో జానారెడ్డి కొడుకు రఘువీర్‌రెడ్డి మెజారిటీయే 5,59,905. అంటే 1952లో నారాయణరెడ్డికి పడ్డ మొత్తం ఓట్ల కంటే చాలా ఎక్కువ. ఓటర్లు పెరిగారనుకోండి, అయినా ఆ అంకె చూసి నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

*మా అమ్మ జైపాల్‌రెడ్డికి ఓటేశానంటుంది. ఆయన నల్లగొండ ఎంపీ కాదు కదా?*
*– మిర్యాలగూడ నుంచి*

అమ్మ చెప్పింది నిజమే. అప్పుడు మిర్యాలగూడే ఒక పార్లమెంటు సీటు. 1999, 2004లో జైపాల్‌రెడ్డి అక్కడి నుంచే గెలిచారు. అంతకుముందు సీపీఎం నుంచి భీమిరెడ్డి నర్సింహారెడ్డి మూడుసార్లు గెలిచారు. 2008 పునర్విభజనలో ఆ సీటు పోయి భువనగిరి వచ్చింది. మీరు నల్లగొండలోకి వచ్చారు, మునుగోడు భువనగిరికి వెళ్లింది. అంటే ఆ మునుగోడు కిందికి వచ్చే, ఫ్లోరైడ్ పేరు చెప్పగానే గుర్తొచ్చే మర్రిగూడ, నాంపల్లి ఊళ్లు ఇప్పుడు నల్లగొండ ఎంపీని ఎన్నుకోవు.

*వచ్చేసారి ఇండిపెండెంటుగా నిలబడదామనుకుంటున్నా. ఏమేం కావాలి?*
*– ఒక యువకుడు, దేవరకొండ*

25 ఏళ్లు నిండాలి, ఓటరు జాబితాలో పేరుండాలి. డిపాజిట్ 25,000, ఎస్సీ, ఎస్టీలైతే 12,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే అది వెనక్కి వస్తుంది, కాబట్టి ఆ డబ్బుకు ముందే నీళ్లు వదులుకుని టెన్షన్ లేకుండా నిలబడు తమ్ముడూ. పదిమంది ప్రతిపాదకులూ నల్లగొండ లోక్‌సభ పరిధిలో ఓటున్నవాళ్లే అయి ఉండాలి. మునుగోడులో ఉన్న మీ బావ సంతకం పనికిరాదు.