మంచంలో పక్కకు తిరిగితే ఇల్లంతా గిర్రున తిరుగుతోంది... ఎందుకు?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. మా అమ్మకు 58 ఏళ్లు, బీపీ మాత్ర వాడుతుంది. రెండు నెలలుగా మంచంలో కుడివైపు తిరిగినా, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినా అర నిమిషం ఇల్లంతా గిర్రున తిరుగుతోందంటుంది. మిరప చేనులో వంగి లేచేటప్పుడు కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. మెడ నరాలు నొక్కుకుపోయాయని అంటున్నారు. తల తిరుగుడు మాత్ర రోజూ వేస్తున్నా తగ్గట్లేదు. ఎవరికి చూపించాలి?
- ఓ పాఠకురాలు

సలహా: మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు ఇబ్బందులున్నాయి. ఇల్లు గిర్రున తిరగడం ఒకటి, కళ్లకు చీకట్లు రావడం ఇంకొకటి. రెంటికీ ఒకే మాత్ర పనిచేయదు.

మొదటిది చాలావరకు లోపలి చెవి సమస్యలా ఉంది. అక్కడ సున్నపు పలుకుల్లాంటి అతి చిన్న రేణువులుంటాయి. వయసుతోనో, తలకు దెబ్బ తగిలో అవి ఊడి, పక్కనున్న అర్ధచంద్రాకార గొట్టంలోకి జారతాయి. తల కదిపినప్పుడల్లా అవీ కదిలి, మనిషి తిరుగుతున్నట్టు మెదడుకు తప్పుడు కబురు పంపుతాయి. కదలిక ఆగితే నిమిషం లోపే తగ్గిపోతుంది. మెడ అరుగుదలను చాలామంది కారణంగా చెబుతారు గానీ, ఇలా పడక మీద వచ్చే తిరుగుడుకు అది సాధారణంగా కారణం కాదు.

దీనికి మందు కంటే తల తిప్పే పద్ధతే మేలు. ముందు ఈఎన్‌టీ డాక్టర్ పడుకోబెట్టి కళ్ల కదలిక చూసి ఏ చెవో తేల్చాలి. కుడి చెవి అయితే ఇలా: మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు కుడికి తిప్పాలి. అలాగే వెనక్కి పడుకోబెట్టాలి. దిండు భుజాల కింద ఉండి, తల కాస్త కిందికి వాలాలి. తల ఎత్తకుండా 90 డిగ్రీలు ఎడమకు తిప్పాలి. తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకు, ముఖం నేలవైపు ఉండేలా తిప్పాలి. ఈ మూడు భంగిమల్లోనూ 30 నుంచి 60 సెకన్లు ఆగాలి. చివరికి ఎడమవైపు నుంచే మెల్లగా లేపి కూర్చోబెట్టాలి. మధ్యలో తిరుగుడు, వాంతి వచ్చినట్టు ఉండటం మామూలే. చాలామందికి ఒకట్రెండు సార్లతోనే గుణం కనిపిస్తుంది. ఏ చెవో తేల్చకుండా గానీ, మెడ నొప్పి బాగా ఉన్నవారికి గానీ ఇంట్లో సొంతంగా చేయకండి.

రోజూ వేస్తున్న మాత్ర గురించి తప్పకుండా డాక్టర్‌ను అడగండి. మగత కలిగించే రకం అయితే రెండు మూడు రోజులకు మించి వాడితే మెదడు తనంతట సర్దుకోవడం ఆలస్యమవుతుంది. పెద్దవారు తూలి పడే ప్రమాదమూ పెరుగుతుంది.

ఇక కళ్లకు చీకట్లు. అమ్మను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే నిలబడినప్పుడు బీపీ పడిపోతోందన్నమాట. బీపీ మాత్ర మోతాదు, ఎండలో చెమటతో పోయే నీరు, రక్తహీనత కారణాలు కావచ్చు. హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు, ఈసీజీ చేయించండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

తిరుగుడు గంటలకొద్దీ ఉండి, చెవిలో హోరు, వినికిడి తగ్గుదల తోడైతే అది వేరే జబ్బు, త్వరగా ఈఎన్‌టీకి చూపించాలి. తిరుగుడుతో పాటు మాట తడబడటం, మూతి వంకర, ఒకటి రెండుగా కనపడటం, చేయి కాలు పట్టు తప్పడం, లేచి నిలబడలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం... వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. పక్షవాతమైతే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఊళ్లో సెలైన్ ఎక్కించుకుంటూ ఆ సమయం పోగొట్టుకోకండి.

అమ్మకు ఇవేవీ లేవు కాబట్టి కంగారు లేదు. ఈ వారంలో వరంగల్ ఎంజీఎం ఈఎన్‌టీ ఓపీకి తీసుకెళ్లండి. అప్పటిదాకా అటక, నిచ్చెన, బావి గట్టు ఎక్కనివ్వకండి. తిరుగుడు వచ్చినప్పుడు ఆమె కళ్లు కనపడేలా ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. కళ్లు ఎటు కొట్టుకుంటున్నాయో చూస్తే ఏ చెవో పోల్చుకోవడం సులువవుతుంది.