బిజినెస్ ఇంగ్లిష్ ఇడియమ్స్ బట్టీ పడుతున్నా మీటింగ్‌లో ఒక్కటీ గుర్తుకు రావట్లేదు, ఎలా నేర్చుకోవాలి?

ముందు ఆ లిస్టు పక్కన పెట్టండి. నేనూ మీలాగే ఒక నోట్‌బుక్ నిండా రాసుకున్నాను, పనికొచ్చింది తక్కువ, పైగా ఒకటైతే నిండా ముంచింది.

ఒక అమెరికన్ క్లయింట్‌తో కాల్‌లో ఉన్నాం, రేటు దగ్గర పీటముడి పడింది. ఆయన 'లెట్స్ టేబుల్ దిస్' అన్నాడు. నేను బట్టీ పట్టిన అర్థం 'చర్చకు పెట్టడం'. ఇదే సందు అనుకుని మా లెక్కలన్నీ ఏకరువు పెట్టేశాను. అటునుంచి చప్పుడు లేదు. ఆయన ఉద్దేశం ఇప్పటికి దీన్ని పక్కన పెడదామని! బ్రిటిష్ వాళ్లకి టేబుల్ చేయడమంటే చర్చకు తీసుకోవడం, అమెరికన్లకి వాయిదా వేయడం, సరిగ్గా ఉల్టా. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ మాట దగ్గరే రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు, ఇక నేనెంత.

అప్పట్నుంచి ఏ ఇడియమ్ విన్నా నేను చూసేది ఒకటే, ఈ మాటతో ఎవరు దేనికి ఒప్పుకున్నట్టు? 'బాల్‌పార్క్ ఫిగర్' అడిగితే ఉజ్జాయింపుగా చెబితే చాలు, కానీ మీరన్న అంకె అవతలివాళ్ల బుర్రలో అలాగే ఉండిపోతుంది, అందుకే నేను ఇంత అనను, ఇంత నుంచి ఇంత అంటాను. 'అగ్రీడ్ ఇన్ ప్రిన్సిపుల్' అంటే మన పేపర్లు రాసే 'సూత్రప్రాయంగా అంగీకారం', ఇంకా ఖాయం కానట్టే లెక్క. 'ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్' అన్నారా, ఇక వాళ్లు కదలరు, మెయిల్ మీరే పెట్టాలి.

మిగతావాటిని తెలుగు మాటలతో ముడేసుకోండి. 'స్ప్లిట్ ది డిఫరెన్స్' అంటే తేడాలో చెరి సగం. 'స్వీటెన్ ది డీల్' అంటే కొసరు వేయడం, అంతే. 'డ్రైవ్ ఎ హార్డ్ బార్గెన్' అంటే గీచి గీచి బేరమాడటం, దీన్ని నవ్వుతూ మెచ్చుకోలుగానూ అంటారు, 'ప్లేయింగ్ హార్డ్‌బాల్' అంటే కనికరం లేకుండా మొండిగా బేరమాడటం, దీన్ని మాత్రం క్లయింట్ మొహం మీద అనకండి.

ఇవన్నీ మీరు వాడక్కర్లేదు, విన్నప్పుడు అర్థమైతే చాలు. మీటింగ్ అయ్యాక కొత్తగా విన్న వాక్యం మొత్తం రాసుకుని, ఆ తర్వాత ఏం జరిగిందో దాని కిందే రాయండి. అనుమానం వస్తే అక్కడికక్కడే మామూలు ఇంగ్లిష్‌లో 'అంటే దీని గురించి వచ్చేవారం మాట్లాడదామనా?' అని అడిగేయండి. నేను ఆరోజు అడగనిది అదే.