గుడ్డ డైపరుకు వాసన ఎందుకు పడుతుంది?

మీ అమ్మగారికి మూత్రం ఆగడం లేదనీ, దుకాణంలో కొనే డైపర్లతో తొడల దగ్గర ఒరుసుకుపోతోందనీ, గుడ్డవి వాడితే ఇల్లంతా వాసన వస్తుందేమోననీ రాశారు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక విశాఖలోని మా ఇంట్లో నాలుగేళ్లు గుడ్డవే వాడాను. మొదటి మూడు నెలలు ఆయన గదిలో ఆ వాసన ఉండేది. మనవడు మంచం ఎక్కబోతే ఆయనే చెయ్యి అడ్డం పెట్టి, కుర్చీలో కూర్చోమనేవారు. అది చూసి ఎంత బాధపడ్డానో చెప్పలేను. తప్పు గుడ్డలో లేదు, నేను ఉతికే తీరులో ఉంది.

మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. తడి గుడ్డను ఎంతసేపు అలా వదిలేస్తే అంత ఘాటు. నేనేమో మూత ఉన్న బకెట్టులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నానబెట్టి అన్నీ ఒకేసారి ఉతికేదాన్ని. పైగా మాది బోరు నీరు. నురగ సరిగా రావడం లేదని సబ్బు పొడి ఇంకో చెంచా వేసేదాన్ని. అది పూర్తిగా వదలక పోగుల్లో పేరుకుపోయింది. ఆరినప్పుడు ఏ వాసనా లేని గుడ్డ, మళ్లీ తడవగానే గుప్పుమనేది. మీకూ అలా అయితే, ఉతికి ఆరిన గుడ్డను సబ్బు లేకుండా వేడినీళ్లలో పిసికి చూడండి. నురగ బాగా తేలితే పాత సబ్బు ఇంకా అందులోనే ఉన్నట్టు. అది తగ్గేదాకా జాడించాలి.

తర్వాత పద్ధతి మార్చాను. తీసిన వెంటనే చన్నీళ్లతో జాడించి, పిండి, గాలి తగిలే బుట్టలో వేసేదాన్ని. మలం అంటితే ముందు దాన్ని మరుగుదొడ్డిలో దులిపి, అప్పుడు చన్నీళ్లే వాడాలి. మొదటే వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. రోజుకొకసారి వేడినీళ్లలో తగినంత సబ్బు పొడితో ఉతికి, రెండు మూడు సార్లు జాడించాలి. చివరి జాడింపుకు మాత్రం కుళాయి నీళ్లు పట్టి ఉంచుకునేదాన్ని. బట్టలు మెత్తగా ఉండటానికి వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వీటికి వద్దు. అది గుడ్డ మీద పొరలా పట్టి, తడిని పీల్చుకోనివ్వదు.

గుడ్డ విషయానికి వస్తే, నేను పూర్ణా మార్కెట్‌లో తువ్వాలు గుడ్డ మీటర్ల లెక్కన కొని, మా వీధి దర్జీ చేత నాలుగు పొరల మెత్తలు కుట్టించాను. ఒంటికి తగిలే పైపొరకు నాన్నగారి పాత పంచెలు వాడాను. "నా పంచేగా, కట్టు" అన్నారు ఆయన. అంతకు ముందు డైపరు అన్న మాటకే ముఖం తిప్పుకునేవారు. కొత్త నూలు గుడ్డ సరిగా పీల్చదు, నాలుగైదు సార్లు ఉతికాకే వాడండి. మైక్రోఫైబర్ (సన్నని కృత్రిమ పోగుల గుడ్డ) మెత్తలు త్వరగా పీల్చుకుంటాయి కానీ, బరువు పడితే తడిని బయటికి వదులుతాయి. ఎక్కువసేపు కూర్చునే వారికి నాకు నూలే నచ్చింది. పైన వేసే తడి దిగని కవరును మరిగే నీళ్లలో వేయకండి, బ్లీచింగ్ తగలనివ్వకండి, నీడలోనే ఆరేయండి. లేకపోతే దాని పూత, ఎలాస్టిక్ పాడవుతాయి.

మెత్తలకు మాత్రం ఎండ కావాలి. ఎదురింటివాళ్లకు కనబడేలా ఆరేయవద్దని నాన్నగారు అడిగారు. అందుకని డాబా మీద మూడు దండేలు కట్టి, అటూ ఇటూ దుప్పట్లు, మధ్యలో ఇవి ఆరేసేదాన్ని. ఆయన అడిగింది న్యాయమే అనిపించింది. వానాకాలంలో మన ఊరి సముద్రపు గాలికి రెండు రోజులైనా మందమైన గుడ్డ ఆరదు. పొరలన్నీ కలిపి కుట్టకుండా, మధ్యలో మడత విప్పేలా కుట్టిస్తే ఫ్యాను కిందైనా ఆరుతుంది. కాస్త చెమ్మగా ఉన్నది ఎప్పుడూ కట్టకండి, చర్మం పాసిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి రాలేదు. తాగడానికే నీళ్లు వెతుక్కుంటుంటే ఇవి ఎలా ఉతకను? పక్కింటావిడ ఇచ్చిన ఒక డైపర్ల ప్యాకెట్టు మమ్మల్ని గట్టెక్కించింది. అప్పటి నుంచి ఒక ప్యాకెట్టు అటక మీద ఉంచేదాన్ని. ప్రయాణాలకూ, ఆసుపత్రికి వెళ్లేటప్పుడూ అవే వాడండి, తప్పేమీ లేదు.

ఒరుసుకుపోయిన చోట రుద్దవద్దు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, కాసేపు గాలికి వదిలేయండి. జింక్ ఆక్సైడ్ క్రీము మంచిదే. అయితే అది మెత్తకు అంటితే తడి పీల్చదు కాబట్టి మధ్యలో పలుచని పాత గుడ్డ వేయండి. కొబ్బరినూనెకూ ఇదే మాట. ఎరుపు తగ్గకపోయినా, చర్మం లేచినా, చుట్టూ చిన్న పొక్కులు వచ్చినా వైద్యులకు చూపించాలి, అది ఫంగస్ కావచ్చు.

ఇంకొక మాట, మీరు అడగలేదు. మూత్రం ఆగకపోవడం వయసు వల్లే అని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, అదుపులో లేని షుగరు, వాడుతున్న మందులు, మలబద్ధకం కూడా కారణం కావచ్చు. దగ్గితే, తుమ్మితే కారుతుంటే కటి కండరాల (మూత్రాన్ని పట్టి ఉంచే కండరాల) వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది. విశాఖ కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో మూత్ర సమస్యలు చూసే యూరాలజీ విభాగం ఉంది, ఒకసారి చూపించండి. తడుస్తుందని నీళ్లు తగ్గించవద్దు. మూత్రం చిక్కబడి మంట, వాసన రెండూ పెరుగుతాయి.

ఎన్ని కావాలని అడిగారు. మేము రోజుకు ఆరేడు మార్చేవాళ్లం. ఇరవై నాలుగు మెత్తలు, ఆరు కవర్లతో వానాకాలం కూడా గడిచింది. కానీ ముందు ఆరు మెత్తలే కుట్టించండి. కొలత నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర, అమ్మగారు కూర్చుని ఉండగా తీసుకోండి. వారం వాడి, ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ కారుతోందో ఆవిడనే అడిగి మిగతావి కుట్టించండి.